నొప్పి మరిచిన కాలనీ

తారకు కడుపునొప్పి పెళ్లయిన ఏడాదే మొదలైంది. వేళకు తినక వచ్చిందని అత్తగారన్నది. ఏదో మొక్కు మరిచిపోయి ఉంటారని ఇరుగుపొరుగన్నారు. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరు గొట్టం వేసి చూసి, పేగు లోపలి గోడ పొడుగునా పుండ్లున్నాయని, దీన్ని క్రోన్స్ జబ్బంటారని, మందులతో అణిగి ఉంటుందే తప్ప పూర్తిగా పోదని చెప్పాడు. అణిగి కూడా ఉండలేదు. తార వంటలో చెయ్యి తిరిగిన మనిషి. తను చేసిన గుత్తొంకాయ కూర నాలుక మీద వేసుకుని, ఉప్పు కారం చూసి, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేది. మింగితే ఆ పూటంతా మోకాళ్లు పొట్టకు అదుముకుని ముడుచుకోవలసిందే.

ఆమె అక్క వినోద వరంగల్ శివారులోని ఒక పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. పెళ్లి చేసుకోలేదు. చదివిన చదువు పత్తి పురుగుల మీద. చెల్లెలు అట్లా ఉమ్మేస్తుంటే చూసి చూసి, ఆ చదువు పక్కన పెట్టి పేగుల మీద పని మొదలుపెట్టింది. ఆ పని నుంచి పుట్టిందే శాంత.

శాంత మందు కాదు, ప్రాణమున్న జీవి. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవికి దూరపు చుట్టం. దాన్ని తారకు ఇచ్చేముందు వినోద చెల్లెలినీ, మరిది మొగిలినీ ల్యాబుకు పిలిపించి ఒక పరీక్ష చేసి చూపించింది. బల్ల మీద రెండు చిన్న గాజు గిన్నెలున్నాయి. రెండింటిలోనూ సన్నని జల్లెడ లాంటి పొర మీద మనిషి పేగు కణాలను ఒకే వరుసలో, ఇటుక పక్కన ఇటుక పేర్చినట్టు పెంచారు. పైన నీలిరంగు నీళ్లు, కింద తెల్లని నీళ్లు. వినోద రెండింటిలోనూ మంట పుట్టించే రసాయనం ఒక్కో చుక్క వేసింది. కాసేపటికి మొదటి గిన్నెలో ఇటుకల మధ్య అతుకులు వదులై, నీలిరంగు దారాలు దారాలుగా కిందికి జారింది. రెండో గిన్నెలో శాంత ఉంది. అక్కడ ఒక్క చుక్క కూడా దిగలేదు.

తార మొదటి గిన్నె మీద వేలు పెట్టి, ఇదేనా నా కడుపు అని అడిగింది. వినోద తలూపింది.

మొగిలి బస్సు డిపోలో మెకానిక్. యంత్రమేదైనా లోపల ఏముందో తెలిస్తే గాని ఒప్పుకోడు. అందుకని వినోద అతనికి విడమరిచి చెప్పింది. గంజాయిలో ఉండే పదార్థానికి తోబుట్టువుల్లాంటివి మన ఒంట్లోనే తయారవుతాయి. వాటిని పట్టుకునే తాళాలు పేగు గోడ నిండా ఉంటాయి. ఈ మొత్తం ఏర్పాటును ఎండోకన్నాబినాయిడ్ వ్యవస్థ అంటారు. ఆ పదార్థాల్లో ఒకదానికి శాస్త్రజ్ఞులు మన ఆనందం పేరే పెట్టారు, ఆనందమైడ్ అని. అది మంటను చల్లార్చి అతుకులను బిగిస్తుంది. కానీ పుట్టిన కాసేపటికే ఒళ్లు దాన్ని విరిచి పారేస్తుంది. శాంత పేగులో కాపురముండి ఆ పదార్థాన్ని ఆగకుండా తయారుచేస్తూనే ఉంటుంది.

మొగిలి అంతా విని ఒక్కటే అడిగాడు.

"గంజాయి లెక్క మత్తు ఎక్కదా వదినె?"

ఎక్కదని వినోద చెప్పింది. అది పేగు దాటి తలలోకి పోదు. దాన్ని బతికించేందుకు ఒక ప్రత్యేకమైన చక్కెర పొడి రోజూ తాగాలి, తాగడం మానితే చచ్చిపోతుంది. అప్పటికీ చావకపోతే దాన్ని చంపే గోలీ ఒకటి ముందే సిద్ధం చేసిపెట్టారు. ఆమె చెప్పినదంతా ఆ రోజుకు నిజమే.

ఎలుకల గదిలో ఒక్క విషయం మాత్రం ఆమెను కాస్త ఆపింది. మామూలు ఎలుక పాడైన దాణా తిని ఒకసారి జబ్బుపడితే, ఆ వాసన ఉన్న దాణాను మళ్లీ ముట్టదు. ఎలుకకు వాంతి రాదు కాబట్టి దాని రక్షణ ఆ అనుమానమే. శాంత ఉన్న ఎలుకలు జబ్బుపడి లేచి, నేరుగా వెళ్లి అదే దాణా తిన్నాయి. మళ్లీ తిన్నాయి. వినోద ఈ సంగతి పరిశోధనాలయం పెద్ద డాక్టర్ మురహరికి చెప్పింది. మనిషికి ముక్కుంది, బుద్ధుంది, పొయ్యి ఉంది, ఎలుకకేమున్నాయని ఆయన నవ్వాడు. ఆకలి పెరగడం కూడా ఒక లోపమేనా అన్నాడు. మంచం మీద ముడుచుకున్న చెల్లెలు వినోద కళ్లముందు మెదిలింది. ఆమె ఇంక వాదించలేదు.

*

శాంత కడుపులో కుదురుకున్న నెలకు తార మిర్చిబజ్జీ తిన్నది. బండి దగ్గర నిలబడి, ఉల్లిపాయ ముక్కలు కూరించుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే రెండోది కూడా తిన్నది. మొగిలి ఆమె మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు, ఏ క్షణంలోనైనా పట్టుకోవలసి వస్తుందేమోనని. ఏమీ కాలేదు.

ఆ తర్వాత తారను ఆపడం ఎవరి తరమూ కాలేదు. మగ్గాల కాలనీలో ఇంటి ముందు గది రోడ్డు వైపు తెరిచి కర్రీ పాయింట్ పెట్టింది. పప్పుచారు, చింతచిగురు మాంసం, సర్వపిండి, పచ్చిపులుసు. నేత పని నుంచి వచ్చిన ఆడవాళ్లు అన్నం మాత్రం వండుకుని కూరలు ఆమె దగ్గరే తీసుకునేవారు. పరిశోధనాలయానికీ మధ్యాహ్నం డబ్బాలు వెళ్లేవి. మురహరి సహా అందరూ తార కూరలకు అలవాటుపడ్డారు. కూతురు లాస్య మూడో తరగతి. బడి నుంచి వచ్చి ఉల్లిపాయలు వలుస్తూ ఎక్కాలు చదివేది.

ఒక ఆదివారం వినోద చెల్లెలి ఇంట్లో భోంచేస్తుంటే మొగిలి మామిడికాయ తొక్కు రెండోసారి వేసుకున్నాడు. అతనికి ఎప్పటినుంచో గుండెల్లో మంట. చొక్కా జేబులో గోలీలు లేకుండా గడప దాటేవాడు కాదు. ఆ గోలీలేవని వినోద అడిగింది.

"అవెప్పుడో బంద్ చేసిన వదినె. ఇప్పుడు మంటే లేదు."

వినోద సంతోషించింది. ఇంటికి వెళ్లే దారిలో సగం దూరం ఆ సంతోషమే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, మొగిలికి ఎవరూ శాంతను ఇవ్వలేదని.

మర్నాడు ఏదో ఆరోగ్య పరీక్ష అని చెప్పి మొగిలివీ, లాస్యవీ, కర్రీ పాయింట్‌కు వచ్చే కొందరివీ మలం నమూనాలు తీసుకుంది. అందరిలోనూ శాంత ఉంది. ఎవరూ చక్కెర పొడి తాగలేదు. పేగులో పక్కన కాపురమున్న వేరే సూక్ష్మజీవి దగ్గర శాంత ఏదో నేర్చుకుంది. ఇప్పుడు దానికి ఆ పొడితో పనిలేదు. తార చేతుల నుంచి, గిన్నెల నుంచి, పొట్ట నుంచి పొట్టకు నడుస్తున్నది.

వినోద మురహరికి చెప్పింది. ఆయన అందరినీ కూర్చోబెట్టాడు. ఎవరి ముందు వాళ్ల డబ్బాలున్నాయి. ఎవరికైనా హాని జరిగిందా అంటే లేదు. బాగుపడ్డారా అంటే బాగుపడ్డారు. కొన్నాళ్లు గమనిద్దామని తేల్చారు. వినోద కూడా సరేనన్నది. అంత పెద్ద సంగతి తెలిసిన మనిషికి ఆ రాత్రి కునుకు పట్టకూడదు. ఆమె హాయిగా నిద్రపోయింది.

కాలనీ మెల్లగా మారింది. మొదట అది మంచి మార్పులాగే కనిపించింది. నల్లా దగ్గర కొట్లాటలు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి గోడ సరిహద్దు కోసం కోర్టుకు తిరుగుతున్న అన్నదమ్ములు ఒక పొద్దున కలిసి చాయ్ తాగి కేసు వదిలేశారు. పరీక్ష తప్పిన పిల్లలు ఏడవలేదు, వాళ్ల తండ్రులు తిట్టలేదు. కుక్క కరిచిన ఒకతను కాలు కడుక్కుని పనిలోకి వెళ్లాడు, సూది వేయించుకోమని ఇంట్లో ఎవరూ తొందరపెట్టలేదు. ఒకరోజు వినోద వెళ్లేసరికి లాస్య డాబా పిట్టగోడ మీద చేతులు చాపి నడుస్తున్నది. తార కింద నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటూ చూస్తున్నది.

"పడతవు బిడ్డా," అన్నది, చినుకులు పడుతున్నాయి లోపలికి రా అన్నంత మామూలుగా.

వినోద కూడా తల పైకెత్తి చూసింది. పిల్ల పడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా ఒక్క అడుగు ముందుకు వేయలేదు. గోడ చివరిదాకా నడిచి, తనంతట తానే దిగి వచ్చింది లాస్య.

*

ఆ యేడు వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి. చెరువు పొంగి మురికికాలువల నీళ్లు బోర్లలోకి, బావుల్లోకి దిగాయి. నీళ్లు తీసిన తర్వాత చుట్టుపక్కల పేటల్లో టైఫాయిడ్ మొదలైంది. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. మగ్గాల కాలనీ నుంచి మాత్రం ఒక్కరు కూడా రాలేదు. జ్వరం లేదు, వాంతి లేదు, విరేచనం లేదు. తార చేతిలో అమృతముందని జనం చెప్పుకున్నారు. పక్క పేటల వాళ్లు కూడా టిఫిన్ క్యారియర్లు పట్టుకుని ఆమె వాకిట్లో వరుస కట్టారు.

తర్వాత కాలనీలో మనుషులు చనిపోవడం మొదలైంది. వీరసోమయ్య అనే ముసలి నేతకారుడు మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో వాలి, అట్లాగే ఉండిపోయాడు. గుండెపోటు అనుకున్నారు. బట్టలు కుట్టే ఒకామె మిషన్ మీద తల వాల్చింది. కాలేజీకి పోయే పిల్లవాడు బస్సులోంచి దిగలేదు. ఎవరూ ముందురోజు నొప్పి అనలేదు. చావు ఇళ్లలో ఏడుపు కూడా పెద్దగా వినిపించలేదు.

శవపరీక్షలు చేసే డాక్టర్ ఫర్హానా వినోదతో కలిసి చదువుకున్న మనిషి. ఆమెది ఊరి అవతలి పేట, తార కూరలు ఎన్నడూ తినలేదు. ఆమె వినోదను పిలిపించి తలుపు వేసింది.

"వీరసోమయ్య పేగుకు చిల్లుపడ్డది. పొట్టంతా చీము. ఇంత పాడైన మనిషి మూడు వీధులు వినపడేటట్టు అరవాలె. ఈయన పొద్దున మనవనితో పచ్చీసు ఆడిండట. ముగ్గురిదీ ఇదే కథ. నువ్వు పెట్టిన పురుగు ముగ్గురిలోనూ ఉన్నది వినోదా."

వినోదకు వెంటనే అర్థమైంది. శాంత గోడను గట్టిగా బిగించింది, నిజమే. కానీ టైఫాయిడ్ సూక్ష్మజీవి అతుకుల సందుల్లోంచి రాదు, ఇటుకలోంచే తొలుచుకుని వస్తుంది. అప్పుడు ఒళ్లు మంటపుట్టించాలి. ఆ మంటే కాపలా కుక్కల మొరుగు. అది వింటేనే రక్తంలోని సైన్యం పరుగెత్తుకొస్తుంది, జ్వరం లేస్తుంది, కడుపు నుంచి తలకు పోయే నరం నొప్పి కబురు మోస్తుంది. శాంత కుక్కలను నిద్రపుచ్చింది. దొంగ తీరికగా ఇల్లు తవ్వుతున్నాడు. ఆనందమైడ్ తలదాకా పోదని తను చెప్పింది. పోనక్కరలేదు. కడుపు నుంచి కబురు రాకపోతే తలకు భయపడటం ఎట్లా తెలుస్తుంది?

ఇదంతా ఆమె ఫర్హానాకు వరుసగా, స్పష్టంగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. ఫర్హానా ఆమెనే చూస్తున్నది.

"చెల్లెలి ఇంటి కథ చెప్తున్నవా, ఎవరిదో చెప్తున్నవా? నీ మొహంల ఏమీ లేదు. సీరియల్ చూసినట్టు కూసున్నవ్."

వినోద తన మణికట్టు మీద వేళ్లు పెట్టి చూసుకుంది. నాడి నింపాదిగా, మధ్యాహ్నం కునుకు తీసే మనిషి నాడిలా కొట్టుకుంటున్నది. ఎన్ని నెలలుగా తను తార పంపిన డబ్బా తింటున్నదో అప్పుడు లెక్కకు వచ్చింది. అది తెలిసినా ఆమెకు భయం వేయలేదు. భయపడాలి అన్న సంగతి మాత్రం, మరిచిపోయిన మనిషి పేరులా నాలుక చివర ఆడింది.

ల్యాబుకు వెళ్లి, బీరువాలోంచి శాంతను చంపే గోలీలు తీసి మొదటిది తనే మింగింది. ఇంకో అట్ట తీసుకుని మురహరి గదిలోకి వెళ్లింది. జరిగిందంతా చెప్పింది. ఆయన పెద్ద మేధావి. ఒక్క వాక్యం కూడా రెండుసార్లు చెప్పించుకోలేదు. చనిపోయినవారి పేర్లు అడిగి తెలుసుకున్నాడు. కాలనీలో ఇంకా ఎంతమంది అట్లా పోవచ్చో తనే అంచనా వేసి చెప్పాడు. అది వినోద వేసిన అంచనా కంటే పెద్దది. తర్వాత చాయ్ కప్పు ఎత్తాడు.

"నువ్వు చెప్పింది నాకంతా అర్థమైంది వినోదా. కానీ అంత తొందరేముంది?"

గోలీల అట్టను ఆయన కప్పు పక్కన పెట్టుకున్నాడు. వినోద బయటికి వచ్చేసింది. ఆమెకూ ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు.

*

భయం మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. తార పంపిన డబ్బా మూత తీసింది. మెంతికూర పప్పు వాసన వచ్చింది. ఆ వాసనతో పాటు కడుపు అడుగున ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఒళ్లంతా చెమట పట్టింది. పిట్టగోడ మీద చేతులు చాపి నడుస్తున్న లాస్య కనిపించింది. అప్పుడు పడాల్సిన భయం ఇప్పుడు పడింది. మొగిలి తొక్కు కలుపుకున్న ఆదివారం, అందరూ డబ్బాలు ముందేసుకుని సరేనన్న మధ్యాహ్నం, వీరసోమయ్య కుర్చీ, అన్ని భయాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. ఆమె కిటికీ దాకా వెళ్లలేక అక్కడే వాంతి చేసుకుంది. నోరు తుడుచుకుని రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది.

లాస్య గడపలో కూర్చుని పెరుగన్నం తింటున్నది. పెదవులు పాలిపోయాయి. కళ్లు లోతుకు పోయాయి. పెద్దమ్మను చూసి నవ్వింది. వినోద గౌను మీదుగా పొట్టను తడిమింది. చిన్నపిల్ల పొట్ట మెత్తగా లోపలికి పోవాలి. ఇది చెక్కబల్లలా ఉంది.

"నొస్తుందా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా," అన్నది లాస్య, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

తార లోపలి నుంచి గరిటెతో సహా వచ్చింది. పిల్ల మంచిగనే తింటున్నదని, బడికి కూడా పోయి వచ్చిందని చెప్పింది. అక్క ఎందుకు ఏడుస్తున్నదో ఆమెకు అంతుపట్టలేదు. వినోద పిల్లను ఎత్తుకుని ఆటోలో పడేసింది. తార పొయ్యి కట్టేసి, తలుపు గొళ్లెం పెట్టి, దారిలో తినడానికని పులిహోర పొట్లం కట్టుకుని మరీ వచ్చింది.

స్కానింగులో చిల్లు కనిపించింది. పొట్టలో చీము అప్పటికే చేరింది. సర్జన్ తెర వంక చూసి, ఈ పిల్ల నడిచి వచ్చిందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆపరేషన్ గదికి తీసుకెళ్లమన్నాడు.

బయట బెంచీ మీద మొగిలి గోడకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. డిపో నుంచి నేరుగా వచ్చాడు, చేతులకు ఇంకా గ్రీజు ఉంది. తార పొట్లం విప్పి పులిహోర తినడం మొదలుపెట్టింది. వినోద అటు చూడలేక మొహం తిప్పుకుంది. కాసేపటికి నమలడం ఆగిన చప్పుడుకు తిరిగి చూసింది. తార తన చేతిలోని ముద్ద వంక చూస్తున్నది, అది ఎవరి చెయ్యో అన్నట్టు.

"అక్కా, లోపల నా బిడ్డను కోస్తున్నరు. నాకు తెలుస్తున్నది. కానీ నా కడుపుల ఏమీ కదులుతలేదు. నేను తల్లినేనా?"

వినోద ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పింది. తార పూర్తిగా విన్నది. చేయి కడుక్కుని వచ్చి, ఆ గోలీ తనకూ ఇమ్మన్నది. ఇస్తే శాంత చచ్చిపోతుందని, పాత జబ్బు మళ్లీ వస్తుందని, ఇన్నాళ్లూ అణిగిన మంట ఒక్కసారి లేస్తుంది కాబట్టి ముందుకన్నా ఎక్కువే ఉంటుందని వినోద హెచ్చరించింది. ఇంక ఏ కూరా మింగే వీలుండదు. ఆ నొప్పిని ఆపే మందు తన దగ్గర ఏమీ మిగల్లేదు.

"రానియ్," అన్నది తార. "నా బిడ్డ కోసం ఏడ్వాలె నేను."

ఆమె గోలీ వేసుకుని, నిద్రపోతున్న భర్త నోరు తెరిపించి అతనికీ ఒకటి వేసింది.

*

ఫర్హానా పట్టుబట్టి మగ్గాల కాలనీలో శిబిరం పెట్టించింది. గోలీలు వేసుకోమని మైకులో చెప్పారు. జనం కుర్చీల్లో కూర్చుని ఓపికగా విన్నారు. మొదట కొందరు వేసుకున్నారు. రెండో రోజుకు వాళ్లు కడుపు పట్టుకుని మెలికలు తిరిగారు. కొందరికి జ్వరం లేచింది, కొందరు వాంతులు చేసుకున్నారు, చచ్చిపోతామేమోనని వాకిట్లో కూర్చుని ఏడ్చారు. మిగతా కాలనీ తమ తమ గుమ్మాల్లోంచి అది చూసింది. గోలీ వేసుకున్నవాళ్లకే రోగం వస్తున్నది, వేసుకోనివాళ్లు చల్లగా ఉన్నారు. వాళ్లు చూసింది అదే. నొప్పి వచ్చినవాళ్లు బతుకుతారని వినోద ఇంటింటికీ తిరిగి చెప్పింది. వణుకుతున్న గొంతుతో, ఉబ్బిన కళ్లతో చెప్తున్న ఆమె మాట కంటే, నవ్వుతూ తలుపు దగ్గరగా వేసిన పొరుగింటామె మాటే అందరికీ నమ్మదగినదిగా అనిపించింది.

తార కర్రీ పాయింట్ మూసేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె దగ్గర కూరలు తీసుకున్న పక్క పేటల్లోనూ కొట్లాటలు ఆగిపోయాయి.

మురహరి తన గదిలోనే చనిపోయి కనిపించాడు. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు, మొహం ప్రశాంతంగా ఉంది. చల్లారిన చాయ్ పక్కన గోలీల అట్ట ఉంది, ఒక్కటి కూడా విప్పలేదు. ఆ వార్త విన్న వినోద ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని గట్టిగా ఏడ్చింది.

ఆసుపత్రిలో ఫర్హానా, సర్జనూ కలిసి కాలనీవాళ్లను ఒక్కొక్కరినీ బతిమాలి రప్పించి స్కానింగు చేయించారు. చిల్లు పడినవాళ్లనూ, పడబోతున్నవాళ్లనూ ఒక పెద్ద వార్డులో చేర్చారు. అందరికీ గోలీ ఇవ్వబోతే చాలామంది చెయ్యి అడ్డుపెట్టారు. తమకేమీ కాలేదని, ఇంటికెప్పుడు పంపిస్తారని అడిగారు. మంచాల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకతను అన్నం ఇంకాస్త పెట్టమన్నాడు. అప్పుడప్పుడూ ఒక మంచం చుట్టూ నర్సులు గబగబా తెర లాగేవారు. పక్క మంచం వాళ్లు ఒకసారి అటు చూసి, మళ్లీ మాటల్లో పడేవారు.

లాస్య చివరి మంచం మీద ఉంది. శాంతను చంపే మందు ఆమెకు నరంలోంచి ఎక్కిస్తున్నారు. ఆపరేషన్ తర్వాత కళ్లు తెరిచినా ఆమె మాట్లాడలేదు, మూలగలేదు, కోసిన పొట్టతో మౌనంగా పైకప్పు చూస్తూ పడుకుంది. లోపల ఏం జరుగుతున్నదో చెప్పే దిక్కు లేక సర్జన్ పూటపూటకూ వచ్చి పొట్ట తడిమి పోతున్నాడు. మంచం పక్కన నేల మీద తార ముడుచుకుని ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంటున్నది. తగ్గగానే లేచి కూతురి మొహం చూస్తున్నది. ఆమె కళ్లు ఎర్రబడి, చెంపలు పీక్కుపోయి, జబ్బు రోజుల నాటి తారలా ఉంది. మొగిలి ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తుండగా లాస్య కనుబొమలు దగ్గరికి వచ్చాయి. పెదవులు వంకర తిరిగాయి. ఏదో వెతుకుతున్నట్టు చెయ్యి పొట్ట మీదికి జారింది.

"అమ్మా," అన్నది. "అమ్మా, నొస్తున్నదే."

ఆ మాటతో పిల్ల ఏడుపు అందుకుంది. మొదట సన్నగా, తర్వాత గొంతు చించుకుని. తార తన నొప్పిని తోసుకుని లేచి, కూతురి తలను గుండెకు అదుముకుంది.

"నొస్తున్నదా బిడ్డా? నొస్తున్నదా నా తల్లీ? ఏడువు. ఏడువు బిడ్డా."

ఆమె ఏడుస్తున్నది, నవ్వుతున్నది. మొగిలి మొహం చేతుల్లో దాచుకున్నాడు. వినోద సర్జన్‌ను పిలవడానికి వార్డు పొడుగునా పరుగెత్తింది.

ఆమె దాటి వెళ్తున్న ఒక్కో మంచం మీదినుంచి ఒక్కో తల అటు తిరిగింది. ఎవరి మొహంలోనూ చిరాకు లేదు, జాలి కూడా లేదు. ఎదురు మంచం మీది నడివయసు ఆడమనిషి, పొట్ట మీద దుప్పటి బిగుసుకుపోయి ఉండగా, అన్నం కలుపుతూ తార వంక చూసి మెల్లగా చెప్పింది.

"ఆ గోలీలు ఇయ్యకుండ్రి చెల్లె. పిల్ల ఊరికె తిప్పలపడుతున్నది. మమ్ముల సూడు, మంచిగున్నం."

వార్డు నిండా మనుషులున్నారు. గోడ పొడుగునా రెండు వరుసల మంచాలు, మంచం మంచానికీ ఒక మనిషి. ఏడుస్తున్నది మాత్రం లాస్య ఒక్కతే.